కోకో ముట్టుకున్న చోట

ఆ పూట కూడా రాధారాణి మడి మంటగలిసింది.

అమెరికా వచ్చి ఇన్నేళ్లయినా మడి మడే అంటుంది ఆవిడ. ప్లేనోలోని ఆ ఇంట్లో తెల్లవారేది ఆవిడ పూజగంటతోనే. తలస్నానం చేసి, మడిచీర కట్టుకుని దీపం వెలిగించబోతుంటే కోకో వచ్చి ఆవిడ ఎడమ చంకలో మూతి దూర్చింది.

"ఛీ ఛీ, పో అవతలికి! సంహితా, నీ కుక్కని పట్టుకోవే! మళ్ళీ స్నానం చేసి చావాలి!"

సంహిత ఆవిడ ఒక్కగానొక్క కూతురు, ఇక్కడే పుట్టిన పిల్ల. మెడపట్టీ పట్టుకుని ఎంత లాగినా కోకో కదలలేదు. అక్కడే వాసన చూస్తూ సన్నగా మూలిగింది.

"అమ్మా, అది నాన్న దగ్గర ఇలా చెయ్యదు. నీ దగ్గరే, ఆ ఒక్క స్పాట్‌లోనే స్మెల్ చేస్తుంది. డాగ్స్‌కి క్యాన్సర్ స్మెల్ తెలుస్తుందంట. ప్లీజ్, మామోగ్రామ్ బుక్ చేస్తా."

"శుభమా అని దీపం పెడుతుంటే ఆ మాటేమిటే! కుక్క చెప్పిందని డాక్టర్ దగ్గరికి పరిగెత్తనా?"

కాఫీ కప్పుతో వచ్చిన ఆవిడ భర్త భాస్కర్ పకపకా నవ్వాడు. "నీ చేతి పోపు వాసన దానికీ నచ్చిందేమోనోయ్!"

"మీరు నవ్వకండి. ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి!"

అన్నంత పనీ చేసింది. ఆ వారాంతమే కోకోని ఇర్వింగ్‌లో ఉంటున్న సంహిత స్నేహితురాలు రేష్మ దగ్గరికి పంపించేశారు. సంహిత తల్లితో మాటలు మానేసింది. మడి మాత్రం నిక్షేపంగా సాగింది. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చేతికి తగిలిన గడ్డని, వయసు మీద పడ్డాక ఇవన్నీ మామూలే అనుకుని ఊరుకుంది రాధారాణి.

చలికాలం వచ్చేసరికి ఆ గడ్డ చంకలోకి పాకింది. ఎడమ రొమ్ము తీసేశారు. "ఇంకాస్త ముందు వచ్చి ఉంటే..." అని డాక్టర్ అన్న మాట ఆవిడ గుండెలో ముల్లై దిగింది.

జుట్టంతా ఊడి, మళ్ళీ మొలకలు వేస్తున్న రోజుల్లో ఆవిడే అడిగింది. "దాన్ని తీసుకురావే. నోరులేని జీవి ఉసురు పోసుకున్నాను."

కోకో వచ్చింది. మర్నాడు పొద్దున ఆవిడ దేవుడి ముందు కూర్చుంటే, పాత తిట్లు గుర్తున్నాయేమో, గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"రావే తల్లీ, నీకన్నానా నాకు మడి!" మడిచీరలోనే రాధారాణి తనంతట తాను చెయ్యి పైకెత్తింది.

కోకో ఎడమవైపు వాసన చూసింది. వెంటనే వదిలేసింది.

"చూశావా అమ్మా, ఏం లేదు!" సంహిత ఏడుస్తూ నవ్వింది. తల్లి ఆ పిల్లని గుండెకి హత్తుకుని భోరుమంది. ఎన్ని నెలల ఏడుపో అది.

అంతలో కోకో చుట్టూ తిరిగి వచ్చి, కుడి చంకలో మూతి దూర్చింది. ఇక కదలలేదు. సన్నగా మూలిగింది.

భాస్కర్ చేతిలోని కప్పు కింద పెట్టేశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

రాధారాణి దాని తల నిమిరింది. తర్వాత దీపం వెలిగించకుండానే లేచింది.

"సంహితా, కారు తియ్యమ్మా" అంది.