హెచ్చరికలు సున్నా

లిఫ్ట్ గుంటలోంచి శవాన్ని బయటికి తీసేసరికి ఉదయం తొమ్మిదీ నలభై అయింది.

ఇన్‌స్పెక్టర్ జీపు దిగింది అప్పుడే. ఏడంతస్తుల ఆఫీసు భవనం. ఉద్యోగులు మెట్ల దగ్గర గుంపుగా నిలబడి ఫోన్లలో మాట్లాడుకుంటున్నారు. ఫైర్ సర్వీసు వాళ్ళు చేతులు కడుక్కుంటున్నారు.

చనిపోయినవాడు లిఫ్ట్ మెకానిక్. యాభై రెండేళ్ళు. ఆ సమయానికి పైన మోటారు గదిలో ఉన్నది అతని సొంత తమ్ముడు. అతనూ మెకానిక్కే. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరూ జంటగానే పని చేస్తున్నారు. ఆ చుట్టుపక్కల అందరికీ వాళ్ళు పెద్ద మెకానిక్, చిన్న మెకానిక్.

ఆ ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. ఏ రూలు పుస్తకంలోనూ లేదు, వాళ్ళే పెట్టుకున్నారు. ముందు లిఫ్ట్‌ని మొదటి అంతస్తులో ఆపుతారు. అన్న గుంటలోకి దిగి, గోడకున్న ఎర్ర స్టాప్ స్విచ్ నొక్కి, పైకి కేకేస్తాడు. తమ్ముడు పైన ఒక్కసారి 'కిందికి' బటన్ నొక్కుతాడు. స్విచ్ పని చేస్తుంటే లిఫ్ట్ కదలదు. కదలలేదని చూసుకున్నాకే పని మొదలుపెడతారు. ప్రాణం మీద తీపి ఉన్నవాళ్ళ పద్ధతి అది.

ఆ రోజు తొమ్మిదీ పన్నెండుకి లిఫ్ట్ కదిలింది.

పదకొండూ అయిదుకి స్టేషన్లో విచారణ మొదలైంది.

"మీ అన్న కేకేశాడా?"

"వేశాడు మేడమ్. 'నొక్కరా' అన్నాడు. నొక్కాను."

"ఆయన స్విచ్ నొక్కాడా?"

"నొక్కకుండా కేకెయ్యడు."

ఇన్‌స్పెక్టర్ ఒక కాగితం అతని ముందుకు తోసింది. లిఫ్ట్ కంట్రోల్ బాక్స్ తనంతట తాను రాసుకునే లాగ్. ఆ బాక్స్ తయారుచేసే కంపెనీ గంటలో పంపించింది. తొమ్మిదీ పన్నెండు, ఏడో సెకను: గుంట స్విచ్ నొక్కలేదు, గుంట ఖాళీ. ఎనిమిదో సెకను: కిందికి.

"మెషీన్ అబద్ధం చెప్పదు," అంది ఇన్‌స్పెక్టర్. "కాబట్టి రెండే దారులు. మీ అన్న స్విచ్ నొక్కకుండానే కేకేశాడు. లేదంటే ఆయన కేకెయ్యకుండానే నువ్వు బటన్ నొక్కావు. ఏది?"

చిన్న మెకానిక్ కాగితం వెనక్కి తోశాడు.

"మా అన్న మర్చిపోయాడని రాస్తారా మేడమ్?"

"రాయాలి కదా."

"అందరికీ తెలుస్తుందా?"

"కోర్టులో చదువుతారు. పేపర్లో వస్తుంది."

"అయితే నేనే తొందరపడ్డానని రాసుకోండి."

రాసుకుంది. సంతకం పెట్టించుకుంది. అప్పుడు టైమ్ పదకొండూ నలభై. ముప్పై అయిదు నిమిషాల్లో కేసు తేల్చేసినందుకు పై ఆఫీసర్ ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు ఆవిడకి బాగానే అనిపించింది కూడా.

పదో రోజు సాయంత్రం నాలుగు గంటలకు ఫైర్ ఆఫీసర్ సాక్షి సంతకం కోసం స్టేషన్‌కి వచ్చాడు. కాగితం రెండుసార్లు చదివి, పెన్ను పక్కన పెట్టేశాడు.

"ఇందులో స్విచ్ సంగతి లేదేం మేడమ్?"

"ఏ స్విచ్?"

"గుంటలో ఎర్రది. మేం దిగేసరికి నొక్కి ఉంది. లిఫ్ట్ పైకెత్తాలని నేనే బయటికి లాగాను."

"లిఫ్ట్ తగిలి నొక్కుకుపోయిందేమో?"

"దానికి చుట్టూ ఇనప కప్పు ఉంటుంది. లోపలికి వేలు పెట్టి నొక్కాల్సిందే."

"మరి ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు. శవం ఎలా పడి ఉందని అడిగారు. అది చెప్పాను."

ఇన్‌స్పెక్టర్‌కి సిగ్గేసింది. వెంటనే కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేని కోపం. పెద్ద మెకానిక్ స్విచ్ నొక్కాడు. బాక్స్ నొక్కలేదంది. ఒక మనిషి మాటా ఒక డబ్బా మాటా ఎదురుపడితే తాను డబ్బా మాట నమ్మింది. నమ్మి, అన్నని పోగొట్టుకున్నవాణ్ణి పది రోజులుగా లోపల కూర్చోబెట్టింది.

పదకొండో రోజు, ఉదయం పదిన్నర. కంట్రోల్ బాక్స్ కంపెనీ.

అద్దాల గది. గోడ మీద చక్కగా ఫ్రేము కట్టిన కాగితం: 'కెర్నల్ హెచ్చరికలు: సున్నా'. కింద పెద్దవాళ్ళ సంతకాలు. బల్లకి అటువైపు డైరెక్టర్. ఇస్త్రీ నలగని చొక్కా, ఓపిక నటించే మొహం. అతని పక్కన ముప్పై అయిదేళ్ళ ఇంజనీరు. ఆవిణ్ణి ఆఫీసులో అందరూ 'సందేహం' అంటారు. ప్రతి మీటింగ్ చివర, అందరూ కుర్చీలు జరుపుకుంటుండగా చెయ్యెత్తేది ఆవిడే కాబట్టి.

"కెర్నల్ అంటే?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"బాక్స్ లోపలి ప్రోగ్రామ్‌కి గుండెకాయ అనుకోండి," అన్నాడు డైరెక్టర్. "స్విచ్చులూ మోటారూ అన్నీ దాని ద్వారానే మాట్లాడతాయి."

"హెచ్చరికలు అంటే?"

"స్టాటిక్ ఎనాలిసిస్ అని ఒక టూల్ ఉంటుంది. ప్రోగ్రామ్‌ని నడపకుండానే చదివి, ఇక్కడ ప్రమాదం ఉండొచ్చు, అక్కడ ఉండొచ్చు అంటుంది. నూటికి తొంభై ఉత్తివే. అనుమానం పిశాచి."

"మీకు ఒక్కటీ లేదా?"

"చూశారుగా." గోడ వైపు గర్వంగా చూపించాడు.

"స్విచ్ నొక్కినా మీ బాక్స్ నొక్కలేదంది. ఎందుకని?"

డైరెక్టర్ తడుముకోలేదు. "గుంట స్విచ్‌ని చదివే ఫైలు రాసింది ఈవిడే. పైన పేరు కూడా ఉంది. అడగండి."

సందేహం నోరు తెరిచింది. డైరెక్టర్ ఆవిడ వైపు ఒకసారి చూశాడు. నోరు మూసుకుంది.

"ఆరు నెలల లెక్క కావాలి," అంది ఇన్‌స్పెక్టర్. "ఏ రోజు ఎన్ని హెచ్చరికలున్నాయో, ఎవరు ఎన్నింటికి తీసేశారో, టైముతో సహా."

ప్రింట్ తీసుకుని స్టేషన్‌కి వచ్చేసింది. అందులో సగం అర్థం కాలేదు. పక్కన పెట్టి రోజువారీ పనిలో పడింది. నెలాఖరు. పెండింగ్ ఫిర్యాదులు సాయంత్రానికల్లా సున్నా చూపించాలని పైనుంచి ఆర్డరు. పోయిన సైకిలు, పక్కింటి గోడ, బెదిరింపు ఫోను. ప్రతి కాగితం మీదా 'విచారించడమైనది, నిజం కాదు' అన్న స్టాంపు. కింద సంతకం. అంతా తూతూమంత్రం. ప్రతి నెలా చేసేదే.

పదిహేడో కాగితం దగ్గర చెయ్యి ఆగింది.

గడియారం చూసుకుంది. పదిహేడు ఫిర్యాదులకి పట్టింది మూడు నిమిషాలు. కంపెనీ ప్రింట్ మళ్ళీ ముందుకు లాక్కుంది. ఈసారి అంకెలు వదిలేసి టైములు మాత్రమే చదివింది. చదివి, స్టాంపు సొరుగులో పడేసి, జీపు ఎక్కింది.

మధ్యాహ్నం మూడూ యాభై. మళ్ళీ అదే అద్దాల గది. ఈసారి తలుపు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళు నిలబడ్డారు.

"నాలుగు నెలల క్రితం, ఒక శుక్రవారం," అంది ఇన్‌స్పెక్టర్. "మధ్యాహ్నం రెండూ పదికి మీ దగ్గర మూడు వందల పద్దెనిమిది హెచ్చరికలు. రెండూ యాభై రెండుకి సున్నా. ఎలా తీశారు?"

"ఒక్కొక్కటీ పరిశీలించి," అన్నాడు డైరెక్టర్.

"నలభై రెండు నిమిషాలు. ఒక్కోదానికి ఎనిమిది సెకన్లు కూడా రాలేదు. చదివారా?"

"అనుభవం ఉన్నవాళ్ళకి చూడగానే తెలుస్తుంది."

"మూడు గంటలకి ఏముంది ఆ రోజు?"

"డెలివరీ."

"సున్నా ఉంటేనే సరుకు తీసుకుంటామని కొనేవాళ్ళు అన్నారా?"

డైరెక్టర్ గోడ మీది ఫ్రేము వైపు చూశాడు.

ఇన్‌స్పెక్టర్ సందేహం వైపు తిరిగింది. "మీరు రాసినదాంట్లో తప్పుందా?"

"ఉంది మేడమ్." ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. "తీగ వదులై స్విచ్ దగ్గర్నుంచి జవాబే రాకపోతే ఏం చెప్పాలో నేను రాయలేదు. ఆ చోటు ఖాళీగా వదిలేశాను. టూల్ పట్టుకుంది. సరిచేయడానికి రెండు రోజులు అడిగాను."

"ఇచ్చారా?"

"లేదు."

"ఖాళీగానే వదిలేస్తే ఏమయ్యేది?"

"ఏదో ఒక చెత్త అంకె పడేది. దాన్ని చూసి బాక్స్ బెదిరి లిఫ్ట్‌ని ఆపేసేది. దాదాపు ప్రతిసారీ. జనానికి విసుగే గానీ ప్రాణాలు పోవు."

"ఆ ఖాళీలో సున్నా పెడితే? ఈ ప్రింట్లో అదే కనిపిస్తోంది."

సందేహం డైరెక్టర్ వైపు చూడలేదు. "సున్నా పెడితే టూల్ నోరు మూస్తుంది. ఖాళీ లేదు కాబట్టి. కానీ కెర్నల్లో సున్నా అంటే తప్పేమీ జరగలేదని. స్విచ్ జవాబు చెప్పకపోయినా అంతా సవ్యమే అనుకుంటుంది. అంతకు ముందు చదివింది 'గుంట ఖాళీ' అని కదా, అదే నిజమని లాగ్‌లో రాసేస్తుంది."

"అలా ఎన్ని చోట్ల సున్నా పెట్టారు?"

"అరవై ఒకటి. మిగతా వాటికి 'మళ్ళీ అడగకు' అని గుర్తు పెట్టారు."

ఇన్‌స్పెక్టర్ ప్రింట్ బల్ల మీద పరిచింది. "ఫైలు పైన ఈవిడ పేరుంది. నిజమే. కానీ ఆ లైను చివరిసారి మార్చింది ఎవరో ఈ కాగితం చెబుతోంది. రెండూ ముప్పై ఒకటి. మీ లాగిన్. 'శుభ్రం చేయడమైనది' అని రాశారు."

డైరెక్టర్ మొహం పాలిపోయింది. అయినా గొంతు తగ్గలేదు. "అది హెచ్చరికే మేడమ్, ఎర్రర్ కాదు! ఉండొచ్చు అంటుంది అంతే. అందరూ ఇలాగే చేస్తారు. లిఫ్టులు ఊరికే ఆగిపోతున్నాయని జనం తిట్టిపోసేవాళ్ళు. ఆ శుక్రవారం తర్వాత ఒక్క ఫిర్యాదు లేదు తెలుసా?"

"గుంటలో ఉన్నవాడు ఫిర్యాదు చేసేలోపే లిఫ్ట్ దిగింది."

"మీ స్టేషన్‌కి వచ్చే ప్రతి కంప్లయింటూ మీరు చదువుతారా?"

తలుపు దగ్గరి కానిస్టేబుళ్ళు ఇన్‌స్పెక్టర్ వైపు చూశారు.

"చదవను," అంది ఇన్‌స్పెక్టర్. "అందుకే ఆ నలభై రెండు నిమిషాలు నాకు కనిపించాయి."

అతన్ని జీపు ఎక్కించారు. రెండు రోజుల్లో బెయిల్ మీద బయటికొస్తాడని ఆవిడకి తెలుసు. ఆ ప్రోగ్రామ్‌తో నడిచే లిఫ్టులు ఎన్నని అడిగితే సందేహం రెండు వేల నూట నలభై అంది. ఇన్‌స్పెక్టర్ పరిధిలో ఉన్నవి తొమ్మిది. ఆ తొమ్మిదింటికీ తాళాలు వేయించింది. మిగతావాటి గురించి ఉత్తరం రాసింది. తన ఉత్తరాన్ని అవతల ఎవరు ఎన్ని సెకన్లు చదువుతారో ఊహించడం కష్టం కాదు.

ఆరుంపావుకి చిన్న మెకానిక్‌ని విడిచిపెట్టారు. విన్నదంతా విని ఒక్క మాటే అడిగాడు.

"అన్న నొక్కాడన్నమాట."

"నొక్కాడు. నన్ను..."

"నేను మొదటి రోజే చెప్పాను మేడమ్." అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని ఆవిడకి అనిపించింది. "మా వదినకి మీరే వచ్చి చెప్పండి. నా మాట ఆవిడ నమ్మదు."

పెద్ద మెకానిక్ ఇల్లు రెండో అంతస్తులో. చిన్న మెకానిక్ పైకి రాలేదు, కింద జీపు దగ్గరే ఆగిపోయాడు. తలుపు తీసిన వదిన కూర్చోమనలేదు. ఇన్‌స్పెక్టర్ నిలబడే చెప్పింది. స్విచ్, తాళం వేయించినప్పుడు గుంటలో కనిపించిన వదులైన తీగ, సున్నా. ఎంత విడమరిచి చెప్పినా అది ఒక మనిషి చావుకి సరిపడేంత పెద్ద కారణంలా వినిపించలేదు.

"మరి మెషీన్ అబద్ధం చెప్పదని ఆ రోజు నాతో కూడా మీరే కదా అన్నారు?" అంది వదిన.

"తప్పు చెప్పానమ్మా. ఆయన మర్చిపోలేదు. మీ మరిది తొందరపడలేదు. అన్న పేరు చెడకూడదని నేరం తన నెత్తిన వేసుకున్నాడు. రెండే దారులని చెప్పి నేనే వేయించాను."

వదిన తలుపు పట్టుకుంది.

"ఆయన పోయిన మర్నాడు మీ కానిస్టేబుల్ అతన్ని ఇక్కడికి తీసుకొచ్చాడు. మీకు తెలుసా?"

తెలుసు. కడసారి చూపుకని రెండు గంటలు అనుమతి ఇచ్చింది తనే. అరగంటలో తిరిగొచ్చారని రిజిస్టర్లో ఉంది. ఎందుకని తాను అడగలేదు.

"ఈ గుమ్మంలోనే నిలబడ్డాడు. 'ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను వదినా' అన్నాడు. చంపినవాడివి నువ్వు చూడ్డమేంట్రా అని తలుపేసేశాను. బయట నుంచి అన్నయ్యా అన్నయ్యా అని పిలుస్తూనే ఉన్నాడు. లోపల పదిమందిమి ఉన్నాం. ఒక్కళ్ళం లేవలేదు."

వదిన కిటికీలోంచి కిందికి చూసింది. జీపు పక్కన మరిది తల వంచుకుని నిలబడి ఉన్నాడు. పిలవడానికి నోరు తెరిచింది. ఏడుపొచ్చింది.

"ఇప్పుడు పైకి రమ్మని ఏం చూపించను మేడమ్?"