చల్లటి ఇంజన్ చప్పుడు

"ఆ బండైనా ఉండాలి, ఈ ఇంట్లో నేనైనా ఉండాలి. తేల్చుకోండి." పొద్దున్నించి అమ్మ ఈ మాట అనడం ఇది మూడోసారి.

"నీ తలనొప్పి పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉన్నదే. దాని మీదికి నెడతావేంటి?" నాన్న సొరుగులన్నీ లాగి కారు తాళం వెతుకుతున్నాడు.

"అవును మరి! మిమ్మల్నీ, మీ నాన్నగారి కారునీ నాకు ఒక్కసారే కట్టబెట్టారుగా!"

నాయనమ్మ పకపకా నవ్వింది. మనవరాలు నవ్వలేదు. నిన్న వానకి కారు అద్దాలు మూసుకుని వచ్చిన అమ్మ, దిగి గడప దగ్గర తూలిపడబోయింది. ఆ తప్పు తనదేనని మనవరాలికే తెలుసు.

నెల నుంచీ కారులో పొగ వాసన. ఇంటి దగ్గర టక్‌టక్‌మనే ఇంజన్, షెడ్డుకి ఆమె తీసుకెళ్తే కిక్కురుమనదు.

"బంగారంలా ఉందండి," అన్నాడు మెకానిక్, సోమవారం మూడోసారి చూసి కూడా. "నన్ను చూసి సిగ్గుపడుతోందేమో. జబ్బు నిజంగా బండికేనా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అతను నవ్వు ఆపి చెప్పాడు. "ఇనుము వేడెక్కితే ఉబ్బి, పొగ కారే సందు మూసుకుపోతుంది. చల్లగా ఉన్నప్పుడే వినాలి. రేపు పొద్దున్నే నేనే వస్తా. ఈలోగా ఎవరినీ తాళం తిప్పనివ్వకండి."

నాన్న రోజూ పొద్దున్నే పావుగంట ఇంజన్ వేడిచేస్తాడు. తాతయ్య నేర్పిన అలవాటు. ఆ సంగతి ఆమె మెకానిక్‌కి చెప్పలేదు, అతని మాట నాన్నకీ చెప్పలేదు. మర్నాడు అతను వచ్చాడు, విన్నాడు, ఏమీ వినపడలేదు. టీ తాగి, నాయనమ్మతో నాలుగు కబుర్లు చెప్పి, "గురువారం మళ్ళీ వస్తా" అని వెళ్ళాడు. ఆ పూటంతా ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఇవాళ గురువారం. గేటు చప్పుడైంది.

"తాళం నా దగ్గరే ఉంది నాన్నా," అంటూ ఆమె బియ్యం డబ్బాలోంచి తీసింది. అందరూ నోరు తెరిచారు.

వాకిట్లో ఆమే, మెకానికే. చల్లటి ఇంజన్ ఒక్క తిప్పుకే టక్‌టక్‌మంది.

"వెనక పొగగొట్టానికి ఈ గుడ్డ రెండు క్షణాలు అడ్డం పెట్టండి," అన్నాడు మెకానిక్. చప్పుడు పెరిగింది. ఇంజన్ పక్కన గొట్టం బిగించిన చోట మసి చార. దాని మీద సబ్బునీళ్ళు చల్లితే బుడగలు పొంగాయి. "పొగ బయటికి రాకుండా అతుకు మధ్య పెట్టే గ్యాస్కెట్ కాలిపోయింది. మొన్న ఎందుకు దొరకలేదబ్బా?"

"మొన్న నాన్న వేడిచేశారు. నాకు తెలుసు. చెప్పలేదు." ఆమె చేతిలోని గుడ్డ మడతపెడుతూ అంది. "దొరికితే మీరు మళ్ళీ రారని... నిన్న కారు దిగాక అమ్మకి కళ్ళు తిరిగాయి."

అతని మొహంలో నవ్వు లేదు. "మీ అమ్మగారు కూర్చునే బండండీ ఇది. ఆ పొగ విషం. నిన్న దారిలోనే ఏమైనా అయ్యుంటే?"

అతను ఆమె వైపు చూడకుండా బోల్టులు విప్పాడు, మసి గీకాడు, బజారుకెళ్ళి కొత్త గ్యాస్కెట్ తెచ్చాడు. అన్ని బోల్టులూ కొంచెం కొంచెంగా, సమంగా బిగించాడు. మధ్యాహ్నం దాటింది. ఆ నాలుగు గంటలూ ఆమెకి నాలుగేళ్ళు.

సాయంత్రం ఇంజన్ చల్లారాక మళ్ళీ స్టార్ట్ చేశాడు. టక్‌టక్ లేదు, బుడగా లేదు. చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చి, మెల్లగా అన్నాడు.

"నేను రావాలంటే బండికి జబ్బు చెయ్యాలా? రమ్మంటే రానా?"

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

అన్నాల దగ్గర నాన్న తృప్తిగా నిట్టూర్చాడు. "పీడ వదిలింది. ఇంక ఆ అబ్బాయి మనింటికి రానక్కర్లేదు."

ఆమె అమ్మ కంచంలో పెరుగు వడ్డించి, గిన్నె కింద పెట్టింది.

"వస్తారు నాన్నా. ఆదివారం, వాళ్ళమ్మగారితో. నేనే రమ్మన్నాను."