వాలితేనే నిలబడే స్తంభం

“ఈ స్తంభాన్ని తిన్నగా నిలబెట్టిన మహానుభావుడెవరు?”

ఇంజనీరమ్మ కేకకి సైటంతా తిరిగి చూసింది. వంకరగా నిలబెట్టి తిట్లు తిన్నవాళ్లని ఫోర్‌మన్ చాలామందిని చూశాడు గాని, తిన్నగా నిలబెట్టి తిట్లు తినడం ఇదే మొదలు.

“నేనేనండీ.”

“ఎనభై మిల్లీమీటర్లు వెనక్కి వాల్చమని డ్రాయింగ్‌లో ఉంది కదా?”

“పొరపాటున పడిందనుకున్నా. రేపు చీఫ్ ఇంజనీరు గారు చూస్తే మీకు మాటొస్తుందని, నిన్న సాయంత్రం నేనే సరిచేశా.”

ఆమె తల పట్టుకుంది. ఆ భవనానికి కప్పు ఒక్కవైపే, ఒంటిరెక్క పక్షిలా ఉంటుంది. కప్పు బరువు పడగానే స్తంభం ముందుకొస్తుంది. అందుకే ముందుగా వెనక్కి వాల్చాలి. ఈ లెక్క మీద చీఫ్‌కి మొదట్నుంచీ గురి లేదు. రేపు కప్పు ఎక్కించాక తేడా వస్తే ఆమె ఉద్యోగం ఊడినట్టే.

“రోజుకి పదిసార్లు నా టేబుల్ చుట్టూ తిరుగుతారే, ఆ ఒక్క మాట అడగడానికి నోరు పెగల్లేదా?”

క్రేన్ డ్రైవర్ కిసుక్కున నవ్వాడు. ఫోర్‌మన్ చెవులు ఎర్రబడ్డాయి.

“తప్పు నాదే. చీకటి పడేలోగా మళ్లీ వాలుస్తా.”

బోల్టులు సగం వదులు చేశాడో లేదో, వాన. ఇద్దరూ ఒకే టార్పాలిన్ కిందికి పరిగెత్తారు. ఆమె కోపంగానే తన టీలో సగం అతని గ్లాసులో పోసింది. వాన వెలిసిందో లేదో అతను మళ్లీ పానా అందుకుని, చీకటి పడేలోగా స్తంభాన్ని వాల్చేశాడు.

మర్నాడు చీఫ్ రాగానే జరిగిందంతా తనే చెప్పేశాడు.

“తిన్నగా రాకపోతే ఇద్దరూ ఇంటికే,” అన్నాడు చీఫ్.

కప్పు కూర్చుంది. కింద ఆన్చిన జాకీలు ఒక్కొక్కటే దించారు. స్తంభం ఎంత ముందుకొస్తోందో ఆమె పరికరంలో చూస్తూ అంకెలు చదువుతోంది.

“ఇరవై... నలభై... అరవై.” అంకె అక్కడే ఆగిపోయింది.

“చూశావా అమ్మాయ్? నేననుకున్నదే అయింది,” అన్నాడు చీఫ్.

“ఆవిడ లెక్క తప్పదండీ! ఎక్కడో ఏదో పట్టేసి ఉంటుంది.” ఫోర్‌మన్ జాకీలన్నీ తడిమి చూశాడు. మూల జాకీ ఒకటి కప్పుని ఇంకా మోస్తూనే ఉంది. మర తిప్పి దించేశాడు.

“ఎనభై!” ఆమె దాదాపు అరిచింది.

చీఫ్ స్వయంగా కన్నుపెట్టి చూసి, కాగితం మీద సంతకం చేశాడు.

ఆమె ఫోర్‌మన్ దగ్గరికొచ్చింది. “ఈసారి నాది పొరపాటు అనుకోలేదేం?”

“మీరంటే ఇష్టం ఎప్పట్నుంచో ఉందండీ. నమ్మడమే నిన్న నేర్చుకున్నా.”

ఆమె హెల్మెట్ తీసి, నవ్వు ఆపుకోలేకపోయింది.

“ఆదివారం మా ఇంటికి రండి. ఆ మాటే నాన్నగారితో చెబుదురుగాని.”