అత్తయ్య తరఫు మనిషి

ఆశాజ్యోతికి ఆ అబ్బాయి మొదటిచూపులోనే నచ్చాడు. అందుకే అనుమానం వచ్చింది. అంత మంచిగా కనబడేవాడికి ఏదో ఒక ఎత్తు ఉండి తీరుతుందని ఆమె గట్టి నమ్మకం.

పేరు శ్యాంబాబు. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగం. కొవ్వూరులో ఆమె మేనత్త దేవకుమారి ఇంట్లో మేడమీద వాటాలో అద్దెకుంటున్నాడు. ఉన్నవాడు ఊరుకోవచ్చుగా? ఆవిడకి షుగరు మాత్రలు తెచ్చిపెడతాడు. కాలి పుండుకి కట్టు మారుస్తాడు. స్కూటరు మీద చర్చికి దింపుతాడు. ఆదివారం ఆశ రాజమండ్రి నుంచి వచ్చేసరికి ఇద్దరూ వరండాలో గుసగుసలాడుతూ ఉంటారు. గేటు చప్పుడైతే చాలు, టక్కున ఆపేస్తారు.

"ఏంటండీ అంత రహస్యం?" అని ఒకసారి నిలదీసింది.

"రహస్యమేం లేదండీ. అత్తయ్యగారు ఆవకాయ కొలతలు చెప్తున్నారు."

బయట జోరున వాన. శ్రావణమాసంలో ఆవకాయేంటి? అత్తయ్య పిల్లాజెల్లా లేని మనిషి, సొంత ఇల్లు. వీడి కన్ను దేనిమీదో ఆశకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ వానల్లోనే దేవకుమారి కాలివేళ్లు నల్లబడ్డాయి. రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చారు. "చిన్న డ్రెస్సింగే అత్తయ్యా, కంగారేం లేదు" అని ఆశ నవ్వుతూ చెప్పింది. వేళ్లు తీసేస్తారన్న సంగతి మింగేసింది. పెద్దవాళ్లకి అలాంటివి ఎవరు చెప్తారు?

థియేటర్లోకి తీసుకెళ్లే ముందు ఆవిడ డాక్టరుగారి చెయ్యి పట్టుకుంది. "నేను మత్తులో ఉండగా ఏదన్నా తేల్చుకోవాల్సొస్తే ఈ శ్యాంబాబుని అడగండి. వాడి మాటే నా మాట."

ఆశ చటుక్కున శ్యాంబాబు వైపు చూసింది.

"సంతకం మాత్రం రక్తసంబంధం ఉన్నవాళ్లే పెట్టాలమ్మా" అన్నారు డాక్టరు.

"సంతకం నా మేనకోడలు పెడుతుంది. మాట వాడు చెప్తాడు."

తలుపులు మూసుకోగానే ఆశ అతని మీద పడింది. "ఇల్లు రాయించుకోవడం అయిపోయిందా, ఇంకా ఉందా?"

శ్యాంబాబు వెళ్లి రెండు గ్లాసుల టీ తెచ్చాడు. "తాగండి."

"ఏం కలిపారో ఎవరికి తెలుసు?"

అతను రెండు గ్లాసులూ చాపాడు. "ఏది కావాలో మీరే తీసుకోండి. రెండోది నేను తాగుతాను."

ఆమె ఏదీ తీసుకోలేదు. కోపం వల్ల కాదు, అతని కళ్లలోకి చూడాల్సొస్తుందని.

ఇంతలో డాక్టరు బయటికొచ్చారు. "వేళ్లతో ఆగేలా లేదు. మోకాలి కింద తీసేస్తేనే ప్రాణానికి భరోసా."

"వద్దండీ!" ఆశ అరిచింది. "ఈ వయసులో కాలు లేకుండానా? అత్తయ్య తట్టుకోలేదు."

"తీసేయండి డాక్టరుగారూ" అన్నాడు శ్యాంబాబు.

ఆశ గిర్రున తిరిగింది. "అంత తేలిగ్గా ఎలా అన్నారండీ? మీకేం పోయింది?"

"తేలిగ్గా అన్లేదండీ. మేం మాట్లాడుకున్నది ఆవకాయ గురించి కాదు, దీని గురించే. కాలు పోయినా సరే, బతకాలి అన్నారు. మీరు ఏడ్చి వద్దంటారని, మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు."

నమ్మాలా? అబద్ధమైతే అత్తయ్య కాలు తన సంతకంతో పోతుంది. నిజమై, తను సంతకం పెట్టకపోతే అత్తయ్యే పోతుంది. అతని చేతిలో టీ తొణికి వేళ్లమీద పడుతోంది, వేడి కూడా తెలుస్తున్నట్టు లేదు.

"అబద్ధమైతే మిమ్మల్ని గోదాట్లో తోసేస్తాను."

"తోద్దురుగానండీ. ముందు సంతకం పెట్టండి."

పెట్టింది.

తెల్లారి దేవకుమారి కళ్లు తెరిచి దుప్పటి తడుముకుంది.

"తీసేశారా?"

"తీసేశారత్తయ్యా."

"హమ్మయ్య! బతికానన్నమాట."

ఆశకి ఏడుపు ఆగలేదు. "నన్నెందుకు నమ్మలేదత్తయ్యా?"

"చిన్న డ్రెస్సింగే అన్నదెవరే? నీకు ప్రేమెక్కువ, భయం అంతకంటే ఎక్కువ. 'మీకేం కావాలండీ' అని నన్నడిగినవాడు వీడొక్కడే." ఆవిడ నీరసంగానే నవ్వింది. "ఇల్లు కోసమనుకున్నావు కదూ? వాడు తనకోసం నన్ను అడిగిందల్లా ఒక్కటే. నువ్వు వచ్చే ఆదివారం వస్తావా రావా అని."

శ్యాంబాబుకి కిటికీలోంచి వానని చూడాల్సిన అవసరం హఠాత్తుగా వచ్చిపడింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

కాసేపటికి ఆసుపత్రి వరండాలో టీ తాగుతున్న అతని పక్కకి వచ్చి నిలబడింది ఆశ. "శ్యాంబాబు గారూ, రేపు నాకేమన్నా అయితే నా తరఫున ఎవరు చెప్పాలంటారు?"

అతను గుటక వేయడం మర్చిపోయాడు. "నేను చెప్పనా అండీ? కానీ ముందు మీకేం కావాలో అన్నీ అడిగి తెలుసుకోవాలి. చాలా ఆదివారాలు పడతాయి."

"అడగండి" అని, అతను సగం తాగిన గ్లాసు అందుకుని మిగతాది తాగేసింది.