ఖాళీ తెర మీద అమ్మాయి

భోజనాల వేళ స్కానింగు గది ఖాళీ అయింది. సొంతవాళ్లకి మనమే స్కాన్ తియ్యకూడదన్నది అక్కడి కట్టుబాటు. టెక్నీషియను ఆ మాట గాలికొదిలేసి, వాళ్లమ్మని తనే బల్ల మీద పడుకోబెట్టి యంత్రంలోకి పంపింది. అమ్మ ఈమధ్య అన్నీ మరిచిపోతోంది. కన్నకూతుర్ని కూడా మరిచిందా అన్నది ఆమెకి తేలాలి. అడిగితే అమ్మ మొహమాటానికి అబద్ధమాడుతుంది. మెదడుకి మొహమాటం లేదు.

పద్ధతి చిన్నదే. లోపల తెర మీద ఒక ఫొటో పడుతుంది, తరవాత కాసేపు ఖాళీ తెర, మళ్లీ ఇంకో ఫొటో. మనిషిని గుర్తుపడితే మెదడులో ఆ పని చేసే చోటు బయటి కంప్యూటర్లో ఎర్రగా వెలుగుతుంది. "పడుచు మెదడు ఒంటిచేత్తో ఎత్తే బరువుని ముసలి మెదడు రెండు చేతులా ఎత్తుతుంది" అనేవాడు పెద్ద డాక్టరు. అంటే అమ్మకి రెండు పక్కలా వెలగాలి.

నాన్న ఫొటోకి రెండు పక్కలా వెలిగింది, చమురు అయిపోవచ్చిన దీపంలా. పిన్ని ఫొటోకీ అంతే. తరవాత కూతురిది, ఏడేళ్లప్పటిది, తలంటుకున్న తడి జుట్టుతో.

ఏమీ వెలగలేదు.

మళ్లీ వేసింది. లేదు.

అప్పుడు ఖాళీ తెర వచ్చింది. అమ్మ మెదడులో ఒక్క పక్కే... భగ్గుమంది. పాతికేళ్ల మనిషికి వెలిగినట్టు.

యంత్రం రొద ఆగింది. గదిలో ఎక్కడినుంచో తడి జుట్టు వాసన. ఆమె మైకు నొక్కింది.

"అమ్మా... ఎవర్ని చూస్తున్నావు?"

"మా అమ్మాయిని."

"నీ అమ్మాయిని నేనే కదమ్మా!"

అమ్మ గొంతు గుసగుసగా వినిపించింది.

"ఇదీ అదే మాట అంటోంది."

"లోపల ఎవరూ లేరమ్మా..."

"నెమ్మదిగా... పిల్ల హడలిపోతోంది. బయట అరిచేదెవరో, నా చెయ్యి పట్టుకున్నదెవరో... నేనెవర్ని నమ్మను?"

ఆమె పరుగున వెళ్లి బల్ల బయటికి లాగింది. అమ్మ ఒక్కతే ఉంది. లేచి కూర్చుని, పరాయివాళ్లని చూసి నవ్వినట్టు నవ్వింది.

"మీకు శ్రమ ఇచ్చానండీ."

పుట్టి బుద్ధెరిగాక అమ్మ తనని 'మీరు' అనడం అదే మొదలు. కూతురికి ఏడుపు ముంచుకొచ్చింది. ఇక తనకి అమ్మ లేదు.

"కాస్త దారివ్వండి. పాపకి ఆకలేస్తోందట."

అమ్మ ఎడమచెయ్యి కిందికి జార్చి, ఎవరికోసమో అడుగులు చిన్నవి చేసుకుంటూ తలుపు వైపు నడిచింది. మణికట్టు మీద నాలుగు చిన్న వేళ్ల అచ్చులు ఎర్రగా నొక్కుకుని ఉన్నాయి. కూతురు చూస్తుండగానే... అయిదోది పడింది.