ఆవిరి పట్టని అద్దం

"మీ పసుపు షీటు వల్ల ఊరు ఊరినే పరేషాన్ చేసిన," అంటూ మధుకర్ హెల్మెట్‌ను కౌంటర్ మీద ఠప్పున పెట్టాడు.

జనగామలో మెయిన్ రోడ్డు మీదున్న ఆ హెల్మెట్ దుకాణం పల్లవిది. ఆమె తలెత్తి చూసింది. మనిషి బాగానే ఉన్నాడు. కోపమే అతనికి సైజు సరిపోలేదు.

"ఏమైంది సార్?"

"నేను నర్సింహులపేటల ఏఈవోను. పంటలు చూసి రైతులకు సలహా చెప్పుడు నా నౌకరి. పొద్దుగాల మంచుల తొవ్వ మంచిగ కనబడుతదంటే మీ దగ్గర హెల్మెట్ అద్దానికి ఈ పసుపు షీటు ఏయించుకున్న. దాంతోనే పొలాల పొంటి పోయిన. నాటేసిన వరి మొత్తం పసుపెక్కి కనబడ్డది. జింకు లోపమని పంచాయతీ మైకుల చెప్పించిన."

"అద్దం ఎత్తి చూడొద్దా?"

"ఎత్తితే చలి."

"మరి రైతులేమన్నరు?"

మధుకర్ గొంతు తగ్గించాడు. "సారుకే కామెర్లయినయి, దవాఖానకు తీస్కపోదాం పట్టుండ్రి అన్నరు."

కింద ఏదో పడిపోయినట్టు పల్లవి గబుక్కున కౌంటర్ వెనక్కి వంగింది. కింద ఏమీ పడలేదు. లేచేసరికి ముఖం గంభీరంగానే ఉంది కానీ, కళ్లు మాట వినలేదు.

"పసుపు మంచుకు, నలుపు ఎండకు సార్. మీ నౌకరికి తెల్లదే మంచిది. ఆవిరి పట్టది. లోకం ఎట్లుంటే అట్లనే కనబడుతది."

అద్దం లోపల అటూ ఇటూ ఉన్న చిన్న పిన్నుల మధ్య పల్చటి షీటును వంచి కూర్చోబెట్టి, హెల్మెట్ అతని చేతికిచ్చింది. "పెట్టుకొని, అద్దం దించి, మాట్లాడుండ్రి."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. నోటి గాలి తగిలితేనే ఆవిరి పడ్తదో లేదో తెలుస్తది."

ఇది ఆ దుకాణం పద్ధతి. హెల్మెట్‌లో చెవులు మూసుకుపోతాయి కదా, తనకు వినబడనిది లోకానికీ వినబడదని మనిషికి ఎక్కడలేని ధైర్యం వస్తుంది. అలా పల్లవికి సగం జనగామ ఇంటి గుట్లు తెలుసు. ఎవరి బావమరిది ఎలాంటివాడో, ఎవరింట్లో పప్పు ఉప్పగా ఉంటుందో అన్నీ ఆ అద్దాల వెనక నుంచి విన్నవే.

మధుకర్ మిర్చికి పట్టే తామర పురుగు గురించి చెప్పాడు. అద్దం మీద ఆవిరి లేదు. దాని నివారణ గురించి చెప్పాడు. అయినా లేదు. పురుగులు అయిపోయాక, తనలో తాను అనుకుంటున్నానన్న నమ్మకంతో గట్టిగా అన్నాడు:

"షీటు కన్న పిల్లే మంచిగున్నది."

"షీటుకైతే గ్యారంటీ ఉన్నది సార్," అంది పల్లవి.

అతనికి వినబడలేదు. మర్యాదగా తలూపి వెళ్లిపోయాడు.

షీటు నిజంగానే మంచిది. మధుకర్ కష్టమల్లా అదే. ఎంత మంచులో తిరిగినా చుక్క ఆవిరి పట్టదు. కంప్లైంట్ లేకుండా నర్సింహులపేట నుంచి జనగామకు ఏమని వస్తాడు? అందుకని వారం తిరక్కుండానే పిన్ను కొంచెం వదులు చేసి, బస్టాండు ముందు చాయ్ కేతిలి మీద అద్దం పట్టాడు. చాయ్ కాసేవాడు అడిగితే, ప్రభుత్వ పరిశోధన అన్నాడు.

"ఆవిరి పడ్తున్నది," అని దుకాణంలో చూపించాడు.

పల్లవి అద్దం వాసన చూసింది. ఇలాచీ వాసన. ఏమీ అనకుండా షీటు మార్చింది. మరుసటి వారం మళ్లీ వచ్చాడు. ఈసారి అల్లం వాసన. మళ్లీ మార్చింది. మారుస్తూ, ఈ మనిషికి చాయ్‌లో చక్కెర ఎంత కావాలో అని ఆలోచించి, తన మీద తనే విసుక్కుంది.

ఆ తర్వాత వారం దుకాణంలో ఆమె తండ్రి విద్యాసాగర్ కూర్చుని ఉన్నాడు. లింగాల ఘనపూర్‌లో పొలం ఉన్నవాడు, మాజీ ఎంపీటీసీ. పదవి పోయినా పంచాయితీలు తీర్చే అలవాటు పోలేదు. మూడు రోజులుగా ఊళ్లో ఎవరూ కొట్లాడుకోక దిగాలుగా ఉన్నాడు.

"మళ్ల ఆవిరి వచ్చింది," అన్నాడు మధుకర్ ఉత్సాహంగా.

"మళ్లంటే?" విద్యాసాగర్ కండువా సర్దుకున్నాడు. "ఇంతకుముందు గూడ వచ్చిందా?"

"ప్రతి వారం వస్తది."

"అయితే పంచాయితే! ఆదివారం పొద్దుగాల ఈన్నే కూసుందాం. బిడ్డా, మన మాట యాదికున్నది గద?"

పల్లవి తలూపింది. తండ్రి ఫోన్ మాట్లాడడానికి బయటికి వెళ్లగానే మధుకర్ వైపు తిరిగింది.

"దుకాణం మీదికి పంచాయితి వచ్చి, తప్పు మాదే అని తేలితే దుకాణం బంద్ చేస్తనని బాపుకు మాటిచ్చిన. బంద్ చేసి భూపాలపల్లి సంబంధం చేసుకోవాలె. ఆయనకు కారున్నది. ఇగ జన్మల హెల్మెట్ ముఖం చూసుడుండది."

"అయ్యో! నాకు తెల్వది..."

"మంచుకు ఇలాచీ వాసన రాదని గూడ మీకు తెల్వది సార్."

మధుకర్ నోరు తెరిచాడు. మూయడం మరిచిపోయాడు. "తెలిసి ఎందుకు ఊకున్నరు?"

పల్లవి తుడవాల్సిన అవసరం లేని అద్దాన్ని చాలాసేపు తుడిచింది.

ఆదివారం విద్యాసాగర్ కుర్చీ వేయించుకున్నాడు. భార్య సరోజన ఫ్లాస్కుతో వచ్చి మూలన కూర్చుంది. దుకాణంలో ఉన్నది నలుగురే అయినా ఆయన సభను చూస్తున్నట్టే నాలుగు దిక్కులూ చూశాడు.

"పెట్టుకొని మాట్లాడు పిలగా. ఆవిరి పడితే దుకాణం బంద్. పడకపోతే నువ్వు అబద్ధమాడినట్టు."

పెద్దాయన ముఖం చూస్తూ నిజం చెప్పే ధైర్యం మధుకర్‌కు లేదు. రాత్రే పిన్ను బిగించి తెచ్చిన హెల్మెట్ పెట్టుకుని, అద్దం దించి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ధైర్యం వచ్చేసింది.

"షీటుల లోపం లేదు!" అని అరిచాడు. "పిన్ను నేనే వదులు చేసిన. చాయ్ కేతిలి మీద పట్టిన. కంప్లైంట్ లేకపోతే ఆమెను చూసుడెట్ల? ఆమె నవ్వచ్చినప్పుడల్ల ఏదో కిందవడ్డట్టు వంగుతది. ఒక్కసారన్న నా ముందట వంగకుంట నవ్వుతదేమోనని గింత దూరం వస్తున్న!"

విద్యాసాగర్ ముక్కు అద్దానికి తాకేంత దగ్గరికి వచ్చాడు. ఫోన్ టార్చి వేసి మూలమూలా వెతికాడు. "చుక్క లేదు! ఇంక మాట్లాడు, ఇంక గట్టిగ!" అని భుజం తట్టాడు.

"నేను ఆమెను పెండ్లి చేసుకుంట!" మధుకర్ ఇంకా గట్టిగా అరిచాడు. రోడ్డు మీద ఆటో ఒకటి ఆగింది. "ఆమెకు ఇష్టమైతేనే! లేకపోతే దుకాణమన్న ఉండనీయుండ్రి. భూపాలపల్లాయనకు కావాలంటే నేనే పోయి చెప్త, కార్ల గూడ హెల్మెట్ పెట్టుకోమని!"

"చుక్కంటే చుక్క లేదు!" విద్యాసాగర్ విజయగర్వంతో కుర్చీలో కూలబడ్డాడు. "తీర్పు ఇస్తున్న. షీటు మంచిది. దుకాణం నడుస్తది." తర్వాత భార్య వైపు చూశాడు. "ఇంతకు ఏమన్నడే?"

"నీ బిడ్డను పెండ్లి చేసుకుంటనంటున్నడు," అంది సరోజన చాయ్ పోస్తూ.

"ఎప్పుడన్నడు?"

"నువ్వు టార్చి కొట్టి, ఇంక గట్టిగ అన్నప్పుడు."

విద్యాసాగర్ చాలాసేపు కండువా సర్దుకున్నాడు. ఇన్నేళ్లలో రెండు పక్షాలూ తన మనుషులే అయ్యే పంచాయితీ ఆయనకు తగల్లేదు. "నువ్వేమంటవ్ బిడ్డా?"

ఈసారి పల్లవి కౌంటర్‌కు ఇవతల ఉంది, వంగడానికి చాటు లేదు. పక్కనున్న షీటు లేని హెల్మెట్ ఒకటి అందుకుని, తలకు తగిలించుకుని, అద్దం దించుకుంది. ఒక్క మాట మాట్లాడలేదు.

అన్నం గిన్నె మూతలాగా కింది నుంచి ఆవిరి మొదలైంది. చూస్తుండగానే గడ్డం మాయమైంది, ముక్కు మాయమైంది, చివరికి అద్దమంతా తెల్లబడింది. లోపల్నుంచి మాత్రం ఎవరో కిసుక్కుమన్నారు.

"గిదేంది? మాట్లాడకముందే గింత ఆవిరి?" అన్నాడు విద్యాసాగర్.

"మాట్లాడింది," అంది సరోజన. "భూపాలపల్లోళ్లకు ఫోన్ చెయ్యి పో."

మధుకర్ ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు. ఇవేవీ అతనికి వినబడలేదు. "ఏమైంది?" అని భయంభయంగా అరిచాడు. "ఆవిరి పట్టిందా?"

విద్యాసాగర్ లేచి అతని అద్దం పైకెత్తాడు.

"పట్టింది నాయినా. కండ్లు తెరిచి చూడు."