ఒర్సొలా అమ్మిన వెనిస్

పొద్దున్న ఏడు గంటలు. ముసలి చిత్రకారుడు గాస్పరో తన పనిగదిలో బోర్లా పడి ఉన్నాడు. తల పగిలింది. ఒళ్లు చల్లబడి చాలాసేపయింది.

రాగి రేకు మీద నెలల తరబడి గీసి, యాసిడ్‌తో తొలిచిన ప్లేటు, వెనిస్ పెద్దకాలువ గ్రాండ్ కెనాల్ బొమ్మది, మాయం. అలాంటి ప్లేటు మీద అచ్చేసిన బొమ్మల్ని ఇంగ్లీషు దొరలు ఎగబడి కొనుక్కుపోతారు.

"పక్కవీధి పియెరో పనే కెప్టెన్ గారూ!" కూతురు ఒర్సొలా చేతిలో కత్తి ఉంది. "వాడూ ప్లేట్లు గీసేవాడేగా, కుళ్లుతో నిన్న నాన్నతో పోట్లాడాడు. వాణ్ణి నేనే నరుకుతా."

"ఆగు తల్లీ," అన్నాడు నగర భటుల కెప్టెన్ జోర్జాన్. "తప్పు మనిషిని పొడిస్తే అసలువాడు నవ్వుకుంటాడు."

పియెరోని వెంటబెట్టుకుని అచ్చు దుకాణాలన్నీ గాలించారు. బొర్తొలో అనేవాడి దుకాణంలో దొరికింది. ప్లేటు ప్రెస్ మీదే ఉంది. తాజా బొమ్మలు తాడు మీద ఆరుతున్నాయి.

"పొద్దున్నే పియెరో తెచ్చి అమ్మాడయ్యా," అన్నాడు బొర్తొలో తొణక్కుండా. "అందాకా నేను దాన్ని కళ్లచూడలేదు."

"నీ నోరు పడిపోను! అబద్ధం!" పియెరో అరిచాడు. ఒర్సొలా అతని మీదికి ఉరికింది. భటులు ఆపారు.

జోర్జాన్ చెక్కపలక కింద దొంతరగా ఉన్న తెల్లకాగితాల్ని తడిమి చూశాడు.

"ఇవెప్పుడు తడిపావు?"

"ఇందాకే."

"ఇందాక తడిపితే పైపైన నీళ్లుంటాయి. ఇవి లోపలిదాకా నానాయి. రాత్రంతా బరువు కింద ఉంటేగానీ కాగితం గీతల్లోని సిరా లాగదు."

"సరే, నిన్న తడిపా. నా ప్లేట్ల కోసం."

"నీ ప్లేట్లన్నీ అరచెయ్యంత. ఈ కాగితాలు గాస్పరో ప్లేటు కొలతకి కోసినవి. పొద్దున దాకా చూడని ప్లేటుకి నిన్న సాయంత్రమే కాగితం ఎలా నానబెట్టావు?"

బొర్తొలో తలుపువైపు చూశాడు. అక్కడ ఒర్సొలా నిలబడి ఉంది.

"ఆ ముసలాడు పదిమంది ముందు నన్ను కుక్కలా తరిమాడు," అన్నాడు పళ్లు కొరుకుతూ. "ప్లేటు అడిగినందుకు!"

ఒర్సొలా కత్తి కింద పడేసి, పియెరోకి చేతులు జోడించింది.

రేవు దగ్గరి రెండు స్తంభాల మధ్య బొర్తొలోని ఉరితీశారు. ఒర్సొలా ముందువరసలో కూర్చుని, తండ్రి నేర్పిన విద్యతో రాగి రేకు మీద గీస్తూనే ఉంది.

కొన్నాళ్లకి ఆ బొమ్మ అమ్మకానికి వచ్చింది. పడవలు, గోపురాలు, నీళ్ల మీద ఎండ. నడుమ వేలాడుతున్న బొర్తొలో, ముఖం అచ్చుగుద్దినట్టు. కింద వాడి పేరు. దొరలు ముచ్చటపడి కొన్నారు.

"వాడు చచ్చాడుగా, ఇంకా ఎందుకు తల్లీ?" అడిగాడు జోర్జాన్.

"ఇక్కడ ఒక్కసారే ఉరితీశారు కెప్టెన్ గారూ," అంది ఒర్సొలా, ఇంకో కాగితం ప్రెస్‌లో పెడుతూ. "నాకది చాల్లేదు. లండన్‌లో ప్రతి గోడకీ వేలాడాలి వాడు."